మంగినపూడిలో పొద్దు సముద్రంలో గుంకదు

సముద్రతీరం, నాలుగు స్తంభాలకు చుట్టిన తెల్లని పరదాలు, వాటి వెనక నీళ్లలోకి దిగిపోతున్న ఎర్రని సూర్యుడు. బీచ్ పెళ్లి అనగానే డెకరేషన్ వాళ్ల ఫోన్లలో ముందుగా కనిపించే బొమ్మ ఇదే. అది గోవా బొమ్మ. అక్కడ సముద్రం పడమటి దిక్కున ఉంది కాబట్టి సూర్యుడు అందులోకే దిగుతాడు. బందరుకు 11 కిలోమీటర్ల దూరంలో ఉన్న మంగినపూడిలో సముద్రం తూర్పున ఉంటుంది. పొద్దు నీళ్లలోంచి పుట్టి, సాయంత్రానికి ఒడ్డున నిలబడ్డవాళ్ల వీపు వెనక, ఊళ్లకూ తాటితోపులకూ అవతల గుంకుతుంది. ఆ గోవా బొమ్మ ఇక్కడ కావాలంటే ఫొటోగ్రాఫరు మోకాలి లోతు అలల్లో నిలబడి, కెమెరా ఒడ్డు వైపు తిప్పి తీయాలి. అప్పుడు వధూవరుల వెనక సూర్యుడితోపాటు మొక్కజొన్న పొత్తుల బండ్లు, ఆగి ఉన్న కార్లు కూడా పడతాయి.

నవ్వుకుని వదిలేయదగ్గ విషయమే. కానీ రుతువును బట్టి పెళ్లికి థీమ్ ఎంచుకోవాలన్న ఇప్పటి ముచ్చటలో తేడా ఎక్కడ వస్తోందో ఇది పట్టిస్తుంది. వేసవికి పసుపు, వానలకు ఆకుపచ్చ, చలికాలానికి తెలుపు అంటూ రుతువును ఒక రంగుల పట్టికగా చదువుతున్నాం. రుతువు చేసే పని వేరు. అది ఒక చోట గాలిని, నీటిని, పంటను, పువ్వును, మనుషుల తీరికను మారుస్తుంది. ఆ మార్పు గోవాలో ఒకలా, గుడివాడలో ఒకలా ఉంటుంది. దిగువ కృష్ణా డెల్టాలో, అంటే బందరు, గుడివాడ, దివిసీమల్లో, ముహూర్తం పడిన నాటికి ఏది చేతికందుతుందో, ఏది ఇబ్బంది పెడుతుందో చూసుకుని ఆ రెంటికీ జవాబుగా పందిరి వేస్తే థీమ్ దానంతట అదే కుదురుతుంది. రంగు ముందు తేల్చుకుని కాలాన్ని దానికి సర్దబోతే ఖర్చు పెరుగుతుంది, అందమూ నిలవదు. నా వాదన ఇంతే. మిగిలిందంతా దానికి ఈ నేల చూపించే సాక్ష్యం.

మొదట ఆ కేటలాగుల సంగతి. వాటిలో కాలాలు నాలుగు. మూడోది ‘ఆటమ్’ అట. ఎండిన ఆకులు, గోధుమ రంగు గుడ్డలు, పుల్లలు గుచ్చిన కుండీలు. అక్టోబరు, నవంబరు పెళ్లిళ్లకు దాన్ని సిఫారసు చేస్తారు. ఆ నెలల్లో డెల్టాలో ఆకు రాలదు. సార్వా వరి పొట్ట విప్పి కంకి వంచే కాలం అది, ఏడాది మొత్తంలో నేల ఇంత నిండుగా మరెప్పుడూ కనిపించదు. ఆ రోజుల్లో ఎండిన ఆకు కనబడితే గుడివాడ రైతు అందం చూడడు, ఎండాకు తెగులు తగిలిందేమోనని గట్టు దిగి చూస్తాడు. మన దగ్గర ఆకు రాలేది శిశిరంలో, మాఘ ఫాల్గుణాల్లో. అలాగని పంచాంగంలోని ఆరు రుతువులను అచ్చంగా పట్టుకున్నా చిక్కే. చైత్ర వైశాఖాలు వసంతం అంటాం. వైశాఖంలో బందరు ఎండ 40 డిగ్రీలు దాటుతుంది, పైగా ఉప్పుగాలి చెమట. అధిక మాసం వచ్చిందంటే నెలలు మళ్లీ జరుగుతాయి. 2022లో శ్రావణం జూలై ఆఖరున మొదలైంది. 2023లో అధిక శ్రావణం వచ్చి, పెళ్లిళ్లకు పనికొచ్చే నిజ శ్రావణం ఆగస్టు మధ్య దాకా రాలేదు. కాబట్టి నెల పేరు విని థీమ్ అనుకోవడం కుదరదు. తేదీ చూడాలి, ఆ తేదీకి పొలం ఏ దశలో ఉంటుందో చూడాలి.

ఆ తేదీ మన చేతిలో పూర్తిగా ఉండదు కూడా. మన పెళ్లిలో ముహూర్తం ముందు వస్తుంది, ముచ్చట తర్వాత వస్తుంది. ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెళ్లిళ్లకు పనికిరావంటారు. మధ్యమధ్య గురు, శుక్ర మౌఢ్యాలు. మిగిలినవాటిలో ముఖ్యమైనవి శ్రావణం, కార్తిక మార్గశిరాలు, మాఘ ఫాల్గుణాలు, వైశాఖ జ్యేష్ఠాలు. పురోహితుడు దీనికి చెప్పే కారణాలు వేరు. డెల్టా పొలం చెప్పే లెక్క మాత్రం వాటితో చక్కగా సరిపోయింది. ఆషాఢంలో కాలువలకు నీళ్లు వదులుతారు, నారుమళ్లు, దమ్ము, నాట్లు. భాద్రపదంలో ముసురు. పుష్యంలో కుప్పనూర్పిళ్లు, సంక్రాంతి. ఈ మూడు నెలల్లో పదిమంది మనుషులు పెళ్లి పనికి దొరకరు, ఇంటి యజమాని చేతిలో డబ్బూ ఆడదు. 1855లో బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయిన తర్వాత ఈ లెక్క మరింత బిగిసింది; ఎందుకంటే ఈ ప్రాంతంలో వానాకాలం అంటే మబ్బు పట్టడం ఒక్కటే కాదు, కాలువకు నీరు రావడం కూడా. 1957లో ప్రకాశం బ్యారేజీ ఆ పాత ఆనకట్ట స్థానంలోకి వచ్చాక కూడా డెల్టాలో ‘కాలువ వదిలారా?’ అన్నదే కాలం మారిందనడానికి గుర్తు.

రుతువును బట్టి పెళ్లిని తీర్చడం మనకు కొత్త ఫ్యాషన్ ఏమీ కాదు. దేవుళ్ల పెళ్లిళ్లు చూడండి, ప్రతి ఒక్కదానికీ దాని కాలం, దాని సామగ్రి ఉన్నాయి. కార్తిక శుద్ధ ద్వాదశినాడు తులసి కల్యాణం. పెళ్లికొడుకు స్థానంలో నిలిచేది ఉసిరి కొమ్మ, అప్పుడు ఉసిరి కాయల మీద ఉంటుంది. ధనుర్మాసం ముగింపులో భోగినాడు గోదా కల్యాణం, చామంతులూ బంతులూ రాశులుగా దొరికే వేళ. కృష్ణ సముద్రంలో కలిసే చోట, హంసలదీవిలో, వేణుగోపాలస్వామి కల్యాణోత్సవాలు మాఘ పౌర్ణమి రోజుల్లో జరుగుతాయి. చలి తగ్గి, ఎండ ముదరక, సాగరసంగమంలో మునిగి తడిబట్టలతో బయటికొచ్చినా వణుకు పుట్టని రోజులు.

అన్నిటిలోనూ చైత్ర శుద్ధ నవమినాటి సీతారాముల కల్యాణం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే వేసవి పెళ్లికి ఎలా తయారవాలో దానికన్నా బాగా చెప్పే పాఠం లేదు. ఊరి నడుమ చలువ పందిరి వేస్తారు, తాటాకుతోనో కొబ్బరాకుతోనో. ఎండ పడదు, గాలి ఆగదు. ప్రసాదం పానకం: బెల్లం, మిరియాలు, యాలకులు వేసిన నీళ్లు, చెమటకు పోయినదాన్ని తిరిగి ఇచ్చేవి. పక్కన వడపప్పు, అంటే నానబెట్టిన పెసరపప్పు; పొయ్యి వెలిగించే పని లేదు. వచ్చినవాళ్ల చేతుల్లో తాటాకు విసనకర్రలు. ఇప్పుడివన్నీ సంప్రదాయపు గుర్తులుగా కనిపిస్తున్నాయి, శ్రీరామనవమి అనగానే కంటికి కట్టేవి ఇవే. కానీ ఒక్కొక్కటీ మొదట ఎండకు విరుగుడు. పని చేస్తూ చేస్తూ అలంకారం అయింది. ఈవెంట్ మేనేజరు చూపించే ప్రతి వస్తువునూ ఇదే గీటురాయి మీద గీసి చూడవచ్చు: ఇది తీసేస్తే పెళ్లికి వచ్చినవాళ్లకు ఏమైనా తేడా తెలుస్తుందా? విసనకర్ర తీసేస్తే తెలుస్తుంది. ద్వారం దగ్గర గాజు గొట్టాల్లో నురగలు కక్కే రంగునీళ్లు తీసేస్తే ఎవరికీ ఏమీ కాదు.

ఆ రంగునీళ్ల మాట వచ్చింది కాబట్టి: దివిసీమలోనూ బందరు చుట్టుపక్కల తీర గ్రామాల్లోనూ భూగర్భ జలం ఉప్పన. కాలువలు కట్టేసే ముందు మంచినీటి చెరువులు నింపుకుని, వాటి మీదే వేసవి గడిపే ఊళ్లు ఎన్నో. వైశాఖంలో వెయ్యిమంది భోంచేసే పెళ్లికి నీళ్లు ట్యాంకర్లలో తెప్పించుకుంటూ, వేదిక పక్కన ‘వాటర్ థీమ్’ పేరుతో జలపాతం దూకించడం చూడ్డానికే ఇబ్బంది. వేసవి ఇచ్చేవి వేరే ఉన్నాయి, అవి చాలా ఉన్నాయి కూడా. మల్లె. మామూలు రోజుల్లో మూర కొనే ఇల్లు కూడా వేసవిలో పూలజడ కుట్టించే సాహసం చేసేది మల్లెమొగ్గ రాశిగా దొరుకుతుందనే; అదే మొగ్గకు డిసెంబరులో బంగారం తూచినట్టు తూచాలి. తాటిముంజలు. పనసపొట్టు కూర, మామిడికాయ పప్పు, జాడీలో ఇంకా ఊరుతున్న కొత్తావకాయ. గారెలకూ అప్పడాలకూ కొత్త మినుములు. డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుము చల్లుతారు, ఫిబ్రవరి, మార్చిల్లో అది ఇంటికి వస్తుంది, ఫాల్గుణపు ఎండలో అప్పడాలు ఆరతాయి, వైశాఖంలో పెళ్లి విస్తట్లోకి చేరతాయి. ఒక గింజ ఇంత చక్కగా కాలంతో పాటు నడిచి పెళ్లికి అందడం కన్నా మంచి థీమ్ ఏముంటుంది? సముద్రపు చేపకు మాత్రం ఆ రోజుల్లో సెలవు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. మర్నాటి మాంసాహార విందులో తీరప్రాంతం కదా అని సముద్రపు చేప, రొయ్య పేర్లు అచ్చువేయిస్తే వడ్డించేది చెరువు సరుకే అవుతుంది.

వేసవిలో వేళ కూడా అలంకారంలో భాగమే. మే నెల మధ్యాహ్నం పడమటి వడగాలి వీస్తున్నప్పుడు మంగినపూడి ఒడ్డున రిసెప్షన్ పెట్టడం అతిథులకు శిక్ష. పైరగాలి తిరిగిన తర్వాత అదే ఒడ్డు వేరు. మన ముహూర్తాలు ఎలాగూ అర్ధరాత్రో తెల్లవారుజామునో పడుతుంటాయి. పట్నం నుంచి వచ్చినవాళ్లు దానికి విసుక్కుంటారు. తూర్పు తీరానికి అది వరం. నాలుగున్నర ముహూర్తానికి జీలకర్ర బెల్లం పెడితే తలంబ్రాలు పోసేసరికి సముద్రంలోంచి సూర్యుడు వస్తాడు. గోవాకు వెళ్లి ఎంత ఇచ్చినా దొరకని దృశ్యం అది. హోమగుండాన్ని మాత్రం గాలికి అడ్డుండే చోట పెట్టుకోవాలి.

శ్రావణం సంగతి త్వరగా చెప్పవచ్చు. కాలువలు నిండుగా పారుతుంటాయి, నాట్లు పూర్తయిన చేలు ఆకుపచ్చగా నిలదొక్కుకుంటాయి, వాన ఎప్పుడైనా పడుతుంది. ఆరుబయట పెళ్లికి తెగించేవాళ్లు తక్కువ, తెగించకపోవడమే మేలు. కానీ కల్యాణ మండపంలోకి కూడా శ్రావణాన్ని తీసుకురావచ్చు, మొగలిరేకులతో. వానాకాలంలో పూసే ఆ పువ్వు రేకులు మడిచి కుట్టిన జడ ఒక్కటి చాలు, హాలు గుమ్మం దాటకుండానే వాసన వానాకాలమని చెబుతుంది. తాటిచెట్టు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. వేసవిలో ముంజలు ఇచ్చిన చెట్టే శ్రావణ భాద్రపదాల్లో తాటిపండు ఇస్తుంది, చలికాలానికి తేగలు ఇస్తుంది. ఆకు ఏడాది పొడవునా పందిరికీ చాపకూ పిల్లల బొమ్మల పెళ్లికీ పనికొస్తుంది. బందరు నుంచి ఏ దారిన వెళ్లినా గట్ల మీద వరుసగా నిలబడి ఉండే ఈ చెట్టును వదిలేసి, ప్లాస్టిక్ ఈతచెట్లు అద్దెకు తెచ్చి ‘ట్రాపికల్ థీమ్’ అంటున్నాం.

అన్ని కాలాల్లోకీ అందమైనదీ, అన్నిటికన్నా నమ్మరానిదీ కార్తికం. కార్తిక పౌర్ణమి స్నానాలకు మంగినపూడికి జనం పోటెత్తుతారు. ఆ సాయంత్రం పొద్దు వెనక గుంకుతుండగానే ముందు సముద్రంలోంచి చంద్రుడు లేస్తాడు. పౌర్ణమికి అటూ ఇటూగా ముహూర్తం దొరికినవాళ్లు వేరే వెలుతురు పెద్దగా వెతుక్కోనక్కర్లేదు, దీపాలు చాలు. బంతి ఉంది, చామంతి మొదలైంది, ఉసిరి ఉంది. కానీ ఈ తీరం చరిత్రలో నవంబరుకు ఇంకో ముఖం ఉంది. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెన బందరును ముంచి దాదాపు 30 వేల మందిని పొట్టనపెట్టుకుంది. 1977 నవంబరు 19న, అదీ కార్తికమే, దివిసీమ మీదికి సముద్రం వచ్చింది. సుమారు 10 వేల మంది పోయారు. ఇవి పాత కథలు కావు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా నరసాపురం దగ్గర దాటింది. రెండుసార్లూ వరి నేలకొరిగింది. బంగాళాఖాతంలో తుఫాన్లకు అక్టోబరు, నవంబరు, డిసెంబరు ప్రధాన కాలం. మే నెల రెండోది, 1990 మే 9న దివిసీమ దాన్నీ చూసింది. కాబట్టి శరదృతువు థీమ్ అని పేరుపెట్టుకుని ఒడ్డున ఇరవై అడుగుల గుడ్డగోడలు, గాలిని పట్టే తెరచాపల్లాంటి బ్యాక్‌డ్రాపులు లేపడం అంటే రుతువులో సగాన్నే చూడటం. పొట్టిగా, గాలికి దారి ఇచ్చేలా కట్టిన పందిరి, దగ్గర్లో గట్టి కప్పున్న ఇంకో చోటు సిద్ధంగా ఉంచుకోవడం, ఇవి కూడా కార్తికపు థీమ్‌లో భాగాలే.

ఇక్కడ ఒక వస్తువు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి పెళ్లిళ్లలో కాగితపు లాంతరు లోపల మంట వెలిగించి ఆకాశంలోకి వదలడం ఈ మధ్య మోజు. కార్తికంలో మనకు ఆకాశదీపం ఉంది. గుడి ధ్వజస్తంభానికి తాడుతో కట్టి పైకి లాగుతారు, తెల్లవారి దించుతారు. అది ఎక్కడికీ పోదు. వదిలేసిన లాంతరు గాలి ఎటు తీసుకెళితే అటు పోయి మంట ఆరకముందే దిగవచ్చు; కార్తికం చివర, మార్గశిరంలో డెల్టాలో ఎటు దిగినా వరికుప్పో గడ్డివామో ఉంటుంది. ఒకరి పెళ్లి ముచ్చటకు ఇంకొకరి ఏడాది పంటను పణంగా పెట్టే అందం అది.

మార్గశిరంలో పంట చేతికొస్తుంది, పెళ్లిళ్లూ పుంజుకుంటాయి. గుమ్మానికి వరికంకుల కుచ్చులు కట్టడానికి అదే కాలం. పెళ్లయ్యాక పిచ్చుకలు తింటాయి. వంటవాళ్లు చెప్పే ఒక కిటుకు మాత్రం గుర్తుంచుకోవాలి. ‘హార్వెస్ట్ థీమ్’ కదా అని పులిహోర కొత్త బియ్యంతో చేయించకండి, ముద్దవుతుంది. పులిహోరకు పాత బియ్యం, పరమాన్నానికి కొత్త బియ్యం. మాఘానికి వచ్చేసరికి మామిడి పూత, చేలల్లో మినుము పచ్చదనం, పొద్దున్నే మంచు. సముద్రపు ఒడ్డున పెళ్లికి హాయైన కాలమే, కానీ హంసలదీవి, నాగాయలంక వైపు తీరాల్లో ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టేది కూడా జనవరి నుంచి మార్చి దాకానే. అటవీ శాఖ ఆ గుడ్లను ఏరి పొదిగించి పిల్లలను సముద్రంలో వదులుతుంది. చీకట్లో గుడ్డులోంచి వచ్చిన పిల్ల వెలుగున్న వైపే సముద్రం అనుకుని నడుస్తుంది. అక్కడ ఫ్లడ్‌లైట్లు, లేజర్లు పెడితే అది పెళ్లి పందిరి వైపు వస్తుంది.

ఇదంతా విన్నాక ఎవరైనా అడిగే మొదటి మాట: ఏసీ హాళ్లు వచ్చాయి, బెంగళూరు నుంచి రాత్రికి రాత్రి పూలు వస్తున్నాయి, ఇంకా రుతువును పట్టుకు వేలాడటం దేనికి? నిజమే, డబ్బు రుతువును చాలా దూరం నెట్టగలదు. కానీ రుతువే వద్దనుకున్నవాళ్లు రుతువు థీమ్ అని పేరు పెట్టుకోకూడదు కదా. ఏసీ హాల్లో మంచు పొగ వదిలి జూన్‌లో చలికాలం చూపిస్తే అది నాటకం సెట్టింగు. సెట్టింగు ఇష్టపడేవాళ్లను తప్పు పట్టను. డెల్టావాళ్లకు సురభి నాటకాల మాయాబజార్ అంటే ఎంత ఇష్టమో తెలియనిది కాదు. పేరు సరిగా పెట్టుకుంటే చాలు.

రెండో మాట దీనికన్నా బరువైనది. పాత పందిళ్ల గురించి మురిసిపోతున్నారు, అవి ఎవరి చాకిరీ మీద నిలబడ్డాయి? ఏడాదికి కొలిచే నాలుగు గింజలకు వృత్తికులాలవాళ్లు పగలూ రాత్రీ చేశారు. పసుపు దంచడం, అప్పడాలు వత్తడం అంటూ నెల ముందు నుంచి ఇంటి ఆడవాళ్లు నడుములు విరగ్గొట్టుకున్నారు. దీనికి అడ్డం చెప్పడానికి ఏమీ లేదు, అది నిజం. అందుకే పాత పద్ధతిని ఉన్నదున్నట్టు తిరిగి తెమ్మనడం నా ఉద్దేశం కాదు. తాటాకు పందిరి వేసేవాడికి, మామిడి తోరణం కట్టేవాళ్లకు, అప్పడాలు చేసే మహిళా సంఘానికి ఇవాళ్టి కూలి, ఇవాళ్టి ధర ఇచ్చి తెచ్చుకోవాలి. అలా చేస్తే ఖర్చు పెద్దగా తగ్గదు, కొన్నిచోట్ల పెరుగుతుంది కూడా. కాకపోతే ఆ డబ్బు పమిడిముక్కల, మొవ్వ, కోడూరు మండలాల్లోనే తిరుగుతుంది. ఎండిన తాటాకుకు నిప్పు భయం ఉన్నమాట కూడా నిజమే. వంటశాలను దూరంగా, రేకుల కింద పెట్టాలి. పాతవాళ్లూ గాడిపొయ్యిలు పందిట్లో తవ్వలేదు.

ఇంకొకటి అమెరికా పెళ్లికొడుకుల, పెళ్లికూతుళ్ల చిక్కు. గుడివాడ, ఉయ్యూరు ప్రాంతాల్లో పిల్లలు అక్కడ లేని వీధి అరుదు. వాళ్లకు సెలవులు దొరికేది డిసెంబరు ఆఖరున. డిసెంబరు 16 ప్రాంతంలో ధనుర్మాసం మొదలవుతుంది, వెనకే పుష్యం. కాలాన్ని ఎంచుకునే స్వేచ్ఛ వాళ్లకు దాదాపు లేదు, డిసెంబరు మొదటి రెండు వారాలో ఆగస్టులో శ్రావణమో. అలాంటివాళ్లకు రుతువును గౌరవించమని చెప్పడం ఎగతాళిలా ఉంటుందంటారు. నాకైతే తిరగేసి కనిపిస్తోంది. తేదీ మీద పట్టు లేనివాళ్లకే ఈ పద్ధతి ఎక్కువ ఉపయోగం. ఏ తేదీ పడ్డా ఆ తేదీకి ఈ నేల ఏదో ఒకటి ఇస్తుంది. ముందే అనుకున్న రంగు ఇవ్వకపోవచ్చు.

చివరగా, ముందుచూపు కావాల్సిన ఒక్క సంగతి. బందరు పెళ్లికి బందరు గుడ్డ కన్నా తగిన అలంకారం లేదు. ఒకప్పుడు పర్షియాకూ ఐరోపాకూ ఓడలెక్కిన కలంకారీ అద్దకం ఇప్పుడు పెడనలో బతుకుతోంది. మండపం వెనక తెరకు, వియ్యాలవారి పీటల మీద పరుపులకు, తాంబూలం సంచులకు, అన్నిటికీ పనికొస్తుంది. థర్మాకోల్ అలంకరణను దేశమంతటా 2022 జూలై 1 నుంచి నిషేధించారు కాబట్టి బదులు వెతుక్కునేవాళ్లకూ ఇదొక దారి. అయితే అద్దకానికి కూడా రుతువుంది. గుడ్డను కరక్కాయ నీటిలో నానబెట్టాలి, తుప్పు ఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నలుపుతో, పటికతో అచ్చులు వేయాలి, పారే నీటిలో జాడించాలి, రంగులో ఉడికించాలి, మధ్య మధ్య ఎండలో ఆరబెట్టాలి. ముసురు పట్టిందంటే పని ఆగుతుంది. శ్రావణంలో పెళ్లి అనుకున్నవాళ్లు అద్దకందారుకు వైశాఖంలోనే చెప్పాలి. కార్తికంలో అనుకున్నవాళ్లకూ అదే మాట, ఎందుకంటే వాళ్లకూ పెళ్లికీ మధ్య వానాకాలం మొత్తం ఉంది. వైశాఖ జ్యేష్ఠాల పెళ్లివారు మాఘంలో చెప్పుకుంటే గుడ్డ ఎండకు బాగా ఆరి, ఎరుపు ఎరుపుగా, నలుపు నలుపుగా ఇంటికొస్తుంది.